నాలుగూ పదికి సగం పవర్

మా ఆవిడ కనిపెట్టినదాన్ని చూసినప్పుడు నాకు ముందుగా కలిగింది సంతోషం కాదు. పదిమందిలో సంతోషం నటించాను. చప్పట్లు అందరికంటే గట్టిగా నేనే కొట్టాను. లోపల మాత్రం కడుపు మండింది. నా పేరు సన్యాసిరావు. ఆ పేరుకు తగ్గ వైరాగ్యం నా దగ్గర ఏనాడూ లేదు.

భీమిలి దారిలో, కొండ మొదట్లో ఉంది మా పరిశోధన కేంద్రం. ఇరవై రెండేళ్ళుగా అక్కడ నాది ఒకటే పని, ఎలక్ట్రాన్లను పరుగెత్తించే రాగి గొట్టాన్ని దారికి తేవడం. ఆ గొట్టం లోపల గదులు గదులుగా ఉంటుంది. గాలంతా తోడేసి, రేడియో తరంగాల పవర్ పంపిస్తే ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుంటాయి. ఆ కిరణంతో కేన్సర్ గడ్డల్ని కాల్చవచ్చు. చిక్కల్లా దారి తప్పిన ఎలక్ట్రాన్లతోనే. ఒకటి వెళ్ళి గోడకు తగిలిందంటే గోడలోంచి రెండింటిని ఊడదీస్తుంది. ఆ రెండూ తరంగం ఊపుతో తాళం కలుపుకుని అవతలి గోడకు కొట్టుకుంటాయి, నాలుగవుతాయి. ఒక ఇంట్లో పుట్టిన పుకారు వీధంతా పాకినట్టే. కన్ను మూసి తెరిచేలోగా గొట్టం నిండా గుంపు తయారవుతుంది. పవరంతా ఆ గుంపే మింగేస్తుంది, లోపలి శూన్యం చెడుతుంది, యంత్రం ఆగిపోతుంది.

దీనికి ఇన్నాళ్ళూ మందు ఓపికే. పవర్ కొంచెం పెంచాలి. శూన్యం గేజీలో ముల్లు ఎగరబోతుంటే దించాలి. కాసేపు ఆగి మళ్ళీ పెంచాలి. అలా మూడు వారాలు చేస్తే, ఆ దెబ్బలకే గోడలు శుభ్రపడి గొట్టం మాట వింటుంది. ఏ వాల్వు మార్చడానికో లోపలికి గాలి పోనిచ్చారంటే మళ్ళీ మూడు వారాలు సన్యాసిరావు కుర్చీలో కూర్చోవాల్సిందే. మా డైరెక్టర్ కామేశ్వరి గారు కూడా నా చెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగేవారు. ఆ చెయ్యిని చూసుకుని నేను బాగానే మురిసిపోయేవాణ్ణి.

అలాంటి కుర్చీ అక్కర్లేకుండా చేసింది రత్నం. అంటే నా భార్య, డాక్టర్ నూకరత్నం. గొట్టం లోపలి గోడలకు పల్చటి పింగాణీ లాంటి పొర వేసింది. ఆ పొర గోరంత గోరంత బిళ్ళలుగా ఉంటుంది. ఒక్కొక్క బిళ్ళకూ కొద్దిపాటి కరెంటు అందుతుంది. ఎలక్ట్రాన్లు ఎక్కడ తాళం కలుపుకోబోతున్నాయో ఒక కంప్యూటర్ కనిపెట్టి, అక్కడి బిళ్ళతో వాటి తాళం తప్పిస్తుంది. గుంపు కట్టకముందే చెదిరిపోతాయి. మరీ ప్రమాదమనిపిస్తే కంప్యూటరే పవర్ దించుతుంది. నాకు మూడు వారాలు పట్టే పని దానికి రెండు గంటలు పట్టింది.

ఆ మర్నాడు పొద్దున్న పెసరట్టు తింటుంటే రత్నం అడిగింది.

"దానికి నేర్పిందెవరో తెలుసా?"

"ఎవరు?"

"నువ్వే. ఆరేళ్ళుగా నువ్వు ఆ పవర్ మీట ఎప్పుడు పెంచావో ఎప్పుడు దించావో అంతా రికార్డయి ఉంది కదా. నీ లాగ్ బుక్కు పక్కన పెట్టుకుని ఆరేళ్ళూ దానికి చదివించాను. ఇప్పుడది నీ చెయ్యే."

నేను అట్టు ముక్క నోట్లో పెట్టుకుని తల ఊపాను.

"ఒకటి మాత్రం నాకు అంతుపట్టలేదు," అంది రత్నం కళ్ళు పెద్దవి చేసుకుని. "కొన్నిసార్లు గేజీ కదలకముందే దించేశావు. ముల్లు ఉలకదు పలకదు, నీ చెయ్యికి మాత్రం తెలిసిపోతుంది. నా పేపర్లో దాని గురించి ఒక విభాగమే రాశాను. ఎలా తెలుస్తుంది నీకు?"

"అనుభవం," అన్నాను. ఏ సార్ల గురించి అడుగుతోందో ఆలోచించలేదు. పొగిడితే ఆలోచించే అలవాటు నాకు లేదు.

ఆ తర్వాత రత్నం ఫొటో పేపర్లో పడింది. మా క్వార్టర్స్‌లో కూరగాయల బండి అతను కూడా నన్ను "రత్నం మేడమ్ గారి మిస్టర్" అనడం మొదలెట్టాడు. యంత్రాన్ని లారీ మీదికెక్కించి పాడేరు కొండల్లో తిప్పుతామని కామేశ్వరి గారు ప్రకటించారు. గతుకుల్లో కుదుపులకు శూన్యం చెడినా ఇక భయం లేదు, రెండు గంటల్లో సరిచేసుకోవచ్చు. వైద్యం కోసం కొండ దిగి విశాఖపట్నం రాలేనివాళ్ళ దగ్గరికి వైద్యమే వెళుతుంది. వినడానికి ఎంత మంచి కబురు! నాకు మాత్రం కళ్ళు కుట్టాయి. మా టెక్నీషియన్ అప్పలనాయుడు కుర్చీ దుమ్ము దులుపుతూ, "ఇకన ఈ కుర్సీ ఏటి సేత్తారు బాబూ?" అని అడిగితే వాడి మీద విరుచుకుపడ్డాను. పాపం, మామూలుగానే అడిగాడు.

పరీక్ష రోజు వచ్చింది. ఢిల్లీ నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ దిగింది. రోగి ఉండాల్సిన చోట నీళ్ళ తొట్టి పెట్టి, ఆరు గంటలపాటు కిరణాన్ని ఒకే మోతాదులో నడపాలి. మోతాదు తగ్గితే గడ్డ బతికిపోతుంది కాబట్టి ఎక్కడా తగ్గకూడదు. నెగ్గితే లారీ, లేకపోతే పథకం మూత.

పదకొండింటికి మొదలైంది. ఒంటిగంట, రెండు, మూడు దాటాయి. ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. రత్నం నా పక్కనే నిలబడి పెదవి కొరుక్కుంటోంది. కమిటీ పెద్దాయన గడియారం చూసుకుని కాఫీ అడిగాడు.

నాలుగూ పదికి పవర్ సగానికి పడిపోయింది.

దానంతటదే పడింది. గేజీలో ముల్లు కదల్లేదు. గొట్టంలో ఏ గుంపూ లేదు. ఎనిమిది నిమిషాలపాటు సగం దగ్గరే ఉండి, నాలుగూ పద్దెనిమిదికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ పైకి లేచింది. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే.

కేంద్రమంతా తలకిందులైంది. మధ్యాహ్నపు ఎండకు గొట్టాన్ని చల్లబరిచే నీళ్ళు వేడెక్కుతున్నాయేమోనని ఒకరు, సముద్రపు గాలి తేమ అని ఒకరు, ఆ వేళకు లైన్లో కరెంటు ఊగుతోందని ఇంకొకరు. నీళ్ళ వేడి రోజులో మారుతుంది కాబట్టి రత్నం కంప్యూటర్‌కు టైము కూడా నేర్పింది. అందుకే మొదటి అనుమానం నీళ్ళ మీదికే పోయింది. అప్పలనాయుడు పైపులన్నీ విప్పి మళ్ళీ బిగించాడు.

నాకు మొదటి రోజే తెలుసు. పవర్ పడిన క్షణంలోనే తెలిసింది.

మా కంట్రోల్ రూము వెనక చిన్న గది, ఆ గదికొక కిటికీ. అందులోంచి చూస్తే రత్నం పనిచేసే భవనం నుంచి కంప్యూటర్ భవనానికి వెళ్ళే బాట కనిపిస్తుంది. రోజూ నాలుగూ పదికి రత్నం ఆ బాటలో వెళ్ళేది, ఫణీంద్రతో కలిసి. ఫణీంద్ర రాజమండ్రి నుంచి వచ్చిన లెక్కల మనిషి. పొడగరి, పెళ్ళి కాలేదు, పాటలు పాడతాడు. దారిలో కేంటీన్ షెడ్డు దగ్గర ఆగి చెరో టీ తాగేవాళ్ళు. రత్నం నవ్వేది. వాళ్ళు అవతలి తలుపులోకి వెళ్ళేదాకా కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేవాణ్ణి. అంతా కలిపి ఎనిమిది నిమిషాలు.

కుర్చీ వదిలితే పవర్ సగానికి దించి వెళ్ళాలన్నది మా గదిలో నియమం. ఆ నియమం పెట్టిందీ నేనే. దించినప్పుడల్లా లాగ్ బుక్కులో కారణం రాయాలి. భార్యకు కాపలా కాయడానికి అని రాయలేను కదా. "శూన్యం చెడింది" అని రాశాను. ఆరేళ్ళు రాశాను. గేజీ కదలకముందే నా చెయ్యికి తెలిసిపోతుందని రత్నం మెచ్చుకున్నది దీన్నే. ఆ చదువంతా కంప్యూటర్ శ్రద్ధగా చదువుకుని, నాలుగూ పదికి ఏదో ఘోరం జరగబోతుందని నమ్మింది.

ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. సిగ్గుపడి అని అబద్ధమాడను. మూడు రోజులపాటు నాకు హాయిగా ఉంది. రత్నం మొహం వాడిపోతుంటే పక్కన కూర్చుని ఓదార్చాను. ఓదారుస్తూనే చంకలు గుద్దుకున్నాను. కూరగాయల బండి అతను మళ్ళీ నన్ను "సార్" అన్నాడు. అది కూడా బాగుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం కామేశ్వరి గారి గదిలో సమావేశం. కమిటీ పెద్దాయన ఇంగ్లీషులో మొదలెట్టి తెలుగులోకి దిగాడు.

"పొరలో లోపం దొరకలేదంటున్నారు. మరి దానికి నేర్పిన రికార్డులే తప్పయితే? ఆ మీట నడిపినాయన పొరపాట్లు చేసి ఉండొచ్చు కదా. ఎవరాయన?"

గదిలో అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోగా రత్నం లేచి నిలబడింది.

"ఆయన చెయ్యి తప్పు చెయ్యదండి. ఇరవై రెండేళ్ళలో ఒక్క గొట్టం పాడు చెయ్యలేదు. దించారంటే దానికో కారణం ఉంటుంది, మనకి తెలియకపోవచ్చు. తప్పంటూ ఉంటే నా పొరదే. పథకం ఆపేయమని రాసివ్వమంటే రేపు పొద్దున్న రాసిస్తాను."

కూర్చుంది. తన ఆరేళ్ళ కష్టాన్ని తీసి నా చెయ్యి కింద పెట్టేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం స్కూటర్ మీద ఇంటికి వస్తున్నాం. తొట్లకొండ మలుపు దాటాక, ముంతకింద పప్పు బండి పక్కన స్కూటర్ ఆపాను.

"ఏమైంది? పెట్రోలా?"

"రత్నం, నాలుగూ పదికి ఏ ఎలక్ట్రాన్లూ లేవు. నేను కుర్చీలో లేను."

మొత్తం చెప్పాను. కిటికీ, టీ, ఫణీంద్ర, లాగ్ బుక్కు. మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఫణీంద్ర మీదా! ఓరి నాయనో. వాడు దారంతా పాడుతూ ఉంటే నేను చెవులు మూసుకునేదాన్ని. నీ రికార్డులు కంప్యూటర్‌కి ఎలా నేర్పాలా అని మాట్లాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. నీ చెయ్యి తప్ప వేరే మాటే లేదు మాకు." ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది. "మూడు రోజుల నుంచి తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ నాకు తలనొప్పి మాత్ర తెచ్చిచ్చావు."

బండివాడు పొట్లం కట్టాలా అని అడిగాడు. రత్నం వద్దని చెయ్యి ఊపింది.

"రేపు కామేశ్వరి గారికి నేను చెప్పను," అంది రత్నం. "నువ్వు చెప్పు. అందరి ముందూ చెప్పు."

చెప్పాను. కమిటీ ముగ్గురి ముందూ, తలుపు దగ్గర పైపు పానా పట్టుకుని నిలబడ్డ అప్పలనాయుడి ముందూ చెప్పాను. కామేశ్వరి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నా కిటికీ గురించి ఆవిడ ఒక్క ప్రశ్నా వేయలేదు.

"లాగ్ బుక్కులో అబద్ధం రాశారా, సన్యాసిరావు గారూ?"

"రాశానండి."

"ఇంక మీరు ఆ పుస్తకం ముట్టుకోవద్దు. రత్నం గారు అడిగినప్పుడు పక్కన కూర్చుని ఏది నిజమో ఏది కాదో చెప్పండి. పది రోజులు టైమిస్తున్నాం."

నాలుగూ పది ప్రాంతాన పవర్ దించిన రోజులు ఆరు వందల పదకొండు. కొన్ని నిజంగా గుంపు కట్టిన రోజులు. వాటిని తీసేస్తే కంప్యూటర్ అసలు ప్రమాదాన్ని గుర్తుపట్టడం మరిచిపోతుంది. అబద్ధాల్ని ఉంచితే రోజూ సగానికి పడుతుంది. రెండింటినీ వేరు చేయగలవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. రత్నం తెర మీద ఒక్కో తేదీ పెట్టేది, నేను రికార్డు చూసి చెప్పేవాణ్ణి.

"మార్చి ఏడు."

"నిజం. ఆ రోజు సీల్ కారింది."

"మార్చి ఎనిమిది."

"కిటికీ."

"తొమ్మిది."

"కిటికీ. ఆ రోజు నువ్వు పసుపు చీర కట్టుకున్నావు."

"చీర అడగలేదు," అంది రత్నం తెర మీంచి చూపు తిప్పకుండా.

అలా ఆరు రోజులు. మొదట్లో అప్పుడప్పుడూ ముక్కుతో నవ్వేది. ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు, "తినవయ్యా కాపలాదారూ," అనేది. కోపం తగ్గుతోందని నాకు ఆశ పుట్టింది. మొగుడికి ఆ మాత్రం కుళ్ళుండటం లోకంలో లేనిదా, తను కూడా అలాగే అనుకుంటోందనుకున్నాను.

ఏడో రోజు ఒక తేదీ దగ్గర ఆగింది.

"జూన్ పద్నాలుగు. కిటికీయేనా?"

"కిటికీయే."

"ఆ ముందు వారమే ఫణీంద్ర ఇండోర్ వెళ్ళిపోయాడు. మనిద్దరమే రైలెక్కించాం."

రత్నం తెర మీద తేదీల్ని కిందికి జరుపుతూ పోయింది. జూన్, జులై, ఆగస్టు. ఏడాది మారింది. అన్నీ సగానికి పడి ఎనిమిదేసి నిమిషాలున్నవే. లెక్కపెట్టింది. నూట నలభై మూడు.

"ఫణీంద్ర లేడు. నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. మరి ఈ నూట నలభై మూడు సార్లు ఎవరి మీద?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. అలవాటైపోయింది అనవచ్చు. నిన్ను చూడాలనిపించి అని కూడా అనవచ్చు, నమ్మేది కూడా. అప్పటికే ఆరు రోజులుగా నిజం చెప్పీ చెప్పీ నాలుకకు అబద్ధం తిరగలేదు.

"నీ మీదే," అన్నాను.

"నా మీదంటే?"

"షెడ్డు దగ్గర ఒక్కదానివే టీ తాగుతూ చిన్న పుస్తకంలో ఏదో రాసుకునేదానివి. రాస్తూ రాస్తూ నీలో నువ్వే నవ్వుకునేదానివి. పని కుదిరినవాళ్ళు నవ్వే నవ్వది. నేను లోపల ఆ ముల్లు ముందు కూర్చుని ఉన్నాను, ఇరవై ఏళ్ళ కింద ఎక్కడున్నానో అక్కడే. నీకు కుదురుతోందని తెలిసిపోయింది. ఓర్చుకోలేకపోయాను."

ఫేన్ తిరుగుతోంది. బయట అప్పలనాయుడు ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఫణీంద్ర మీదైతే పోనీలే అనుకున్నాను," అంది చివరికి, మెల్లగా. "పిచ్చిమొగుడు, నేనంటే ప్రాణం అందుకే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త ముచ్చటేసింది కూడా. ఇదేంటి? నాకు కుదరకూడదని రోజూ ఎనిమిది నిమిషాలు నిలబడి కోరుకున్నావా?"

"అవును."

"వచ్చి అడిగుంటే ఆ పుస్తకం నీకే చూపించేదాన్ని. నువ్వు తప్ప అది అర్థమయ్యేవాళ్ళెవరున్నారు నాకు?"

రత్నం కుర్చీ సర్దుకుంది. మిగిలిన తేదీలకు నన్ను నిజమా కిటికీయా అని అడగడం మానేసింది. తేదీ చదివేది, నా మొహం చూసేది, కొట్టేసేది. ఆ రోజు నుంచి కంచంలో అన్నం పెట్టి పక్కకు వెళ్ళిపోయేది, కాపలాదారూ అనే పిలుపు కూడా లేదు.

పదకొండో రోజు మళ్ళీ పరీక్ష. నాలుగూ పదికి పవర్ తగ్గలేదు. ముల్లు కదల్లేదు. నాలుగున్నరకు ఒకచోట నిజంగానే గుంపు కట్టబోయింది. బిళ్ళ ఒకటి దాని తాళం తప్పించింది, పవర్ వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. అచ్చం నేను చేయాల్సినట్టే చేసింది. ఆ ఎనిమిది నిమిషాలు కుర్చీ దిగకుండా ఉండి ఉంటే నేనెలా ఉండేవాణ్ణో అలా. ఐదింటికి కమిటీ పెద్దాయన లేచి రత్నానికి నమస్కారం పెట్టాడు. చప్పట్లు కొట్టాను. ఈసారి మనసారా కొట్టాను, కానీ తను నా వైపు చూడలేదు.

తన పరిశోధన పేపర్లో గేజీ కంటే ముందే తెలుసుకునే చెయ్యి గురించి రాసిన విభాగాన్ని రత్నం తీసేసింది. రచయితల పేర్లలో మాత్రం నా పేరు ఉంచింది. తన పేరుకంటే ముందు పెట్టింది. ఎందుకని కామేశ్వరి గారు అడిగితే, "చెయ్యి ఆయనది," అందట. నేను ఇన్నేళ్ళూ కోరుకున్నది అదే. అచ్చులో చూసుకున్నాను. ఇంట్లో చూపించడానికి ఎవరూ లేరు. అప్పటికే రత్నం లారీతో పాడేరు వెళ్ళిపోయింది. మూడు నెలలన్నారు, ఆరు నెలలకు పొడిగించమని తనే అడిగింది.

అప్పలనాయుడు కూడా లారీతోనే వెళ్ళాడు. వారానికొకసారి వాడే ఫోన్ చేస్తాడు. కొండల్లో సిగ్నల్ సరిగ్గా అందదు. ఏ గుట్టో ఎక్కి అరిచినట్టు మాట్లాడతాడు.

"బాబూ, మిసను సెప్పినట్టు ఇంటంది! నిన్న ఘాటీ గతుకుల్లో ఇరగ్గుద్దీసింది లారీ. అయినా రెండు గంటల్లో సరైపోనాది. అచ్చం మీరు కూకుని సేసినట్టే ఉంది బాబూ!"

"మేడమ్ ఎలా ఉన్నారు?"

"బేషుగ్గా ఉన్నారు. సందేళ టీ తాగుతా ఏటో రాసుకుంటన్నారు. తనలో తనే నవ్వుకుంటన్నారు."

ఆ నవ్వు నాకు తెలుసు. అయినా అడిగాను.

"నన్ను రమ్మంటారేమో అడిగావా? ఏదైనా చెడితే చూసుకోవడానికి ఒక మనిషి ఉంటే మంచిది కదా."

నాయుడు సిగ్నల్ పోతోందన్నాడు, మళ్ళీ వచ్చిందన్నాడు. వాడికి చెప్పడం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

"అడిగీసినాను బాబూ. ఆయన సెయ్యి ఇక్కడే ఉంది గదా నాయుడూ, అది సాలు అన్నారమ్మగారు."

ఫోన్ పెట్టేశాను. కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా పాత గేజీ ఉంది, కరెంటు లేక ముల్లు సున్నా మీద పడి ఉంది. రత్నం పక్కన కూర్చుని, రత్నం చెప్పినట్టల్లా వింటూ, ఒక్క రోజు కూడా కిటికీ దగ్గరికి పోకుండా పని చేస్తున్న ఆ చెయ్యిని తలచుకున్నాను. జన్మలో ఎవరి మీదా లేనంత కుళ్ళు పుట్టింది నాకు, దాని మీద.